పెద్ద టైరు, తక్కువ గాలి: పికప్ ట్రక్కుల చరిత్రలో ఒక అంకె

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఈసారి టైర్ల గురించి మాట్లాడుకుందాం. టైర్లకి చరిత్రేంటి అని ఫోన్ పక్కన పెట్టేయకండి. చివర్లో ఒక అంకె వస్తుంది. దాని వెనక 271 మంది ప్రాణాలు ఉన్నాయి. మా ఇంట్లో ఒక చెయ్యి కూడా ఉంది.

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావ వీడియో కాల్ చేశాడు. బావంటే మా మేనత్త కొడుకు. టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉంటాడు. ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు కొన్నాడు. దాని టైర్లు అరిగి గుండు అయిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా, ఆల్ టెరైన్ టైర్లు, అదీ కాస్త పెద్దవి వేయిద్దామని ఆయన ప్లాన్. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్ళాలట. టైర్ల షాపులో మూడు రకాలు చూపించారని ఫోటోలు పెట్టాడు. ఒకటి ఇప్పుడున్న సైజే, రెండోది ఒక మెట్టు పెద్దది, మూడోది 35 అంగుళాలది. "ఏది బాగుందిరా?" అన్నాడు.

నేను చరిత్ర చెప్పేవాణ్ణి, మెకానిక్‌ని కాదు. అయినా ఒక్క ప్రశ్న అడిగాను. "బావా, డ్రైవర్ తలుపు తీస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద గాలి ఎన్ని పాయింట్లు అని రాసి ఉంది?"

"ఏమో, చూడలేదు" అన్నాడు.

ఆ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకునేవాణ్ణి. మా బావ అనేసరికి కాసేపు నోట మాట రాలేదు. ఎందుకో చెప్తాను.

2003 వేసవి. మా నాన్న నూజివీడు నుంచి మామిడికాయలు తోలేవాడు. చిన్న గూడ్స్ వ్యాన్. ఎక్కువ లోడు వెయ్యొచ్చని, దానికి రావాల్సిన టైర్లు కాకుండా వెనక ఒక సైజు పెద్దవి, రబ్బరు వేయించిన పాత టైర్లు బిగించాడు. రోజూ బయల్దేరే ముందు ఇనప రాడ్డుతో టైరు మీద ఒక దెబ్బ కొట్టి శబ్దం వినేవాడు. టంగుమంటే గాలి ఉన్నట్టు. ఆ రోజు కూడా టంగుమంది. ఆగిరిపల్లి దాటాక, మిట్టమధ్యాహ్నం, వెనక ఎడమ టైరు పేలింది. కాయల బుట్టల మీద కూర్చున్న బావ రోడ్డు పక్కన పడ్డాడు. ఎడమ మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేడు.

ఆ తర్వాత మా నాన్న రాడ్డు పక్కన పడేసి, గాలి కొలిచే గేజ్ ఒకటి కొన్నాడు. చనిపోయేదాకా అది ఆయన చొక్కా జేబులోనే ఉండేది.

అందుకే ఈ ఎపిసోడ్. అసలు పెద్ద టైరు అనే ఆలోచన ఎక్కడ పుట్టింది? అది దేనికి పనికొస్తుంది? ఎక్కడ ఎదురు తిరుగుతుంది?

మోసేది ఎవరు?

ముందు ఒక చిన్న లెక్క. స్కూల్లో చదివిందే. పాయింట్లు అంటాం కదా, అంటే పీఎస్‌ఐ. ఒక చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల ఒత్తిడి అని.

ఒక పికప్ ట్రక్కులో ఒక్కో చక్రం మీద దాదాపు 1400 పౌండ్ల బరువు పడుతుంది అనుకుందాం. టైరులో 35 పాయింట్లు గాలి ఉంది. 1400ని 35తో భాగిస్తే 40. అంటే ఆ చక్రం నేలకి ఆనేది సుమారు 40 చదరపు అంగుళాలు. ఏ4 కాగితంలో సగం కూడా లేదు. టైరు పక్క గోడలు కూడా కొంచెం మోస్తాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ విషయం అర్థమవడానికి చాలు.

ఇప్పుడు అదే ట్రక్కుకి ఇంకా పెద్ద టైరు వేసి, అదే 35 పాయింట్లు కొట్టించారు. నేలకి ఎంత ఆనుతుంది? మళ్ళీ దాదాపు 40 చదరపు అంగుళాలే! ఆ ముద్ర ఆకారం మారుతుంది గానీ విస్తీర్ణం పెద్దగా మారదు. పెద్ద టైరు వేస్తే రోడ్డుకి ఎక్కువ రబ్బరు తగులుతుందని చాలామంది అనుకుంటారు. గాలి తగ్గిస్తేనే అది నిజం అవుతుంది. పెద్ద టైరులో గాలికి చోటెక్కువ కాబట్టి, తక్కువ ఒత్తిడితో కూడా అదే బరువు మొయ్యగలదు. పెద్ద టైరు ఇచ్చే అసలు లాభం ఇదే. దాని ప్రమాదం కూడా సరిగ్గా ఇక్కడే ఉంది.

ఈ విషయం మనుషులకి ఎప్పుడు తెలిసింది?

ఇసకలో గాలి తీసినవాళ్ళు

మొదట్లో బండి చక్రానికి గట్టి రబ్బరు పట్టీ ఉండేది, లోపల గాలి ఉండేది కాదు. 1845లోనే స్కాట్లాండ్‌కి చెందిన రాబర్ట్ థామ్సన్ గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాడు గానీ జనం పట్టించుకోలేదు. 1888లో బెల్ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలని మళ్ళీ కనిపెట్టాడు. ఈసారి అది నిలబడింది. 1895లో మిషెలిన్ సోదరులు కారుకి గాలి టైర్లు వేసుకుని ప్యారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగొచ్చే రేసులో దిగారు. దారి పొడవునా పంక్చర్లే.

లారీలు మాత్రం ఇంకా గట్టి రబ్బరు మీదే నడిచేవి. అంత బరువుని గాలి మోస్తుందంటే ఎవరు నమ్ముతారు? 1917లో గుడ్‌ఇయర్ కంపెనీ ఒక ప్యాకార్డ్ ట్రక్కుకి గాలి టైర్లు వేసి, ఒహాయోలోని అక్రన్ నుంచి బోస్టన్‌కి పంపింది. మొదటి ప్రయాణానికి వారాలు పట్టింది. టైర్లు పేలుతూనే ఉన్నాయి, మారుస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ప్రయాణాలు ఐదారు రోజులకి దిగాయి. గాలి మోస్తుందని లోకానికి తెలిసింది.

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు వెనక చిన్న తొట్టి పెట్టి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా అమ్మడం మొదలుపెట్టింది. ధర 281 డాలర్లు. కొన్నది ఎక్కువగా రైతులు. అదే కాలంలో టైరు కంపెనీలు బెలూన్ టైర్లు అని తెచ్చాయి. ఫైర్‌స్టోన్ 1923లో తెచ్చింది. పాత సన్న టైర్ల కంటే లావు, లోపల గాలి ఒత్తిడి సగానికి తక్కువ. కుదుపు తగ్గింది, బురదలో దిగబడటం తగ్గింది.

ఆ కంపెనీ పెట్టిన హార్వే ఫైర్‌స్టోన్‌కి ఒహాయోలోని కొలంబియానాలో సొంత పొలం ఉండేది. అప్పటిదాకా ట్రాక్టర్లకి ఇనప చక్రాలే. ఆయన 1930ల మొదట్లో తన పొలంలో ట్రాక్టరుకి పెద్ద గాలి టైర్లు వేసి పరీక్షించాడు. పొలంలో తిరిగే టైరులో గాలి పదిహేను పాయింట్ల దగ్గరే ఉంటుంది. ఇవాళ మన ఊళ్ళో ట్రాక్టరు దమ్ము చేస్తుంటే చూడండి. అంత పెద్ద టైరు నేల మీద కాస్త పరుచుకుని కనిపిస్తుంది. గాలి తక్కువైంది అనుకుంటాం. అది అలాగే ఉండాలి.

అదే రోజుల్లో ఇంకో చోట ఇంకొకాయన ఇదే పాఠం నేర్చుకుంటున్నాడు. రాల్ఫ్ బాగ్నోల్డ్, బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, ఫోర్డ్ కార్లేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లోకి వెళ్ళిపోయేవాడు. కార్లు దాటలేవనుకున్న ఇసక దిబ్బల్ని దాటాడు. కిటుకుల్లో ఒకటి, టైర్లలో గాలి తీసేయడం. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, బరువు ఎక్కువ ఇసక మీదకి పంచుకుంటుంది, బండి తేలుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో ఆయన పెట్టిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్, షెవర్లే ట్రక్కులకి లావు టైర్లు వేసి శత్రువు వెనక వందల మైళ్ళు తిరిగింది.

కానీ ఒక చిక్కుంది. ఇసక దాటాక గట్టి నేల వస్తుంది. అదే తక్కువ గాలితో వేగంగా వెళ్తే టైరు నాశనం. మళ్ళీ గాలి కొట్టాలి. యుద్ధం మధ్యలో దిగి పంపు కొడతారా?

దీనికి అమెరికన్లు ఒక జవాబు కనిపెట్టారు. డక్ అనే బండి ఉండేది. నీళ్ళలో పడవ, నేల మీద ట్రక్కు. సముద్రం నుంచి ఇసక తీరం మీదకి, అక్కడి నుంచి రోడ్డు మీదకి ఆగకుండా వెళ్ళాలి. అందుకే డ్రైవరు సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించడానికి, పెంచడానికి ఏర్పాటు పెట్టారు. ఇలా చేసిన మొదటి బండి ఇదే. ఇసక రాగానే తగ్గించు, రోడ్డు రాగానే పెంచు.

ఈ బండిని గుర్తుపెట్టుకోండి. పెద్ద టైరు వేసిన ప్రతివాడికీ రెండు అంకెలు కావాలి. మెత్తటి నేలకి ఒకటి, రోడ్డుకి ఒకటి. 1940ల్లో సైన్యానికి తెలిసిన ఈ సంగతి, పికప్ ఇంటి బండి అయ్యాక జనం మర్చిపోయారు.

అన్ని దారులకీ ఒకే టైరు

యుద్ధం అయిపోయింది. జీపులు, నాలుగు చక్రాలూ తిప్పే ట్రక్కులు జనం చేతికి వచ్చాయి. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో ఎడారి రేసు మొదలైంది. అదే తర్వాత బాహా 1000 అయ్యింది. శనివారం రేసు చూసినవాడు సోమవారం ఆఫీసుకి వెళ్ళే బండికి కూడా అలాంటి టైర్లే కావాలన్నాడు.

ఇంకో పక్క టైరు లోపలి నిర్మాణం మారింది. పాత టైర్లలో దారాలు ఏటవాలుగా, ఒక పొర మీద ఇంకో పొర అడ్డంగా వేసేవాళ్ళు. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకున్న రేడియల్ టైరులో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా వెళ్తాయి. వాటి పైన చుట్టూ ఉక్కు తీగల పట్టీలు, వాటి మీద మనకి కనిపించే బటన్ల రబ్బరు. రేడియల్ ఎక్కువ కాలం వస్తుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, రోడ్డుని బాగా పట్టుకుంటుంది. కానీ ఉక్కు, రబ్బరు రెండూ అతుక్కుని ఉండాలి. ఆ అతుకు ఊడితే, మీద ఉన్న రబ్బరు మొత్తం చెప్పు అట్ట లేచినట్టు లేచిపోతుంది.

అమెరికా కంపెనీలు రేడియల్‌కి ఆలస్యంగా, హడావుడిగా మారాయి. 1978లో ఫైర్‌స్టోన్ తన 500 అనే రేడియల్ టైర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దాదాపు కోటీ 45 లక్షల టైర్లు. కారణం ఇదే, పొరలు ఊడిపోవడం.

1976లో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ పికప్‌ల కోసం ఆల్ టెరైన్ రేడియల్ తెచ్చింది. రోడ్డుకీ మట్టికీ మధ్య రాజీ అనమాట. బటన్లు మరీ పెద్దవి కావు, మరీ నున్నగా ఉండవు. ఇవాళ మా బావ చూస్తున్న టైర్లన్నీ ఆ వంశానివే. ఆ పేరులోనే ఒక ఆశ ఉంది. అన్ని నేలలూ అని. అన్ని నేలలకీ ఒకే గాలి సరిపోతుందని మాత్రం ఆ పేరు చెప్పడం లేదు.

26

ఇప్పుడు అసలు కథ.

హెన్రీ ఫోర్డ్, హార్వే ఫైర్‌స్టోన్ ప్రాణ స్నేహితులు. 1906లో ఫోర్డ్ రెండు వేల సెట్ల టైర్లకి ఆర్డరిచ్చిన రోజు నుంచి ఆ బంధం సాగింది. 1947లో ఫోర్డ్ మనవడికి ఫైర్‌స్టోన్ మనవరాలితో పెళ్ళి కూడా అయ్యింది. వ్యాపారమూ వియ్యమూ రెండూ.

1990లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. చూడటానికి కుటుంబం మొత్తం పట్టే ఎస్‌యూవీ. కింద మాత్రం రేంజర్ పికప్ ట్రక్కు పునాదులే. టైర్లు ఫైర్‌స్టోన్‌వి. మొదట ఏటీఎక్స్, తర్వాత వైల్డర్‌నెస్ ఏటీ. ఏటీ అంటే ఆల్ టెరైన్. సైజు 235/75, 15 అంగుళాల రిమ్ము.

బండి ఎత్తుగా ఉంటుంది, మలుపులో ఒరిగే గుణం ఎక్కువ. ఇది అమ్మకాలకి ముందే పరీక్షల్లో కనిపించింది. తర్వాత కోర్టు కేసుల్లో బయటపడ్డ ఫోర్డ్ కాగితాల ప్రకారం, కంపెనీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. చక్రాల మధ్య దూరం పెంచొచ్చు. ఇంజను కిందకి దించొచ్చు. అవన్నీ ఖర్చు, ఆలస్యం. వాటికంటే తేలిక పని ఒకటుంది. టైర్లలో గాలి తగ్గించడం. తలుపు స్టిక్కర్ మీద 26 పాయింట్లు అని వేశారు.

26 తక్కువైనా, సరిగ్గా అంతే ఉంటే, బరువు పరిమితి లోపల ఉంటే, టైరు బాగా తయారై ఉంటే నడిచిపోవచ్చు. కానీ నిజ జీవితంలో ఎవరు వారం వారం గాలి చూస్తారు? టైరులో గాలి నెలకి కొంచెం తనంతట తానే తగ్గుతుంది. 26 కాస్తా 22 అవుతుంది. సెలవులకి ఐదుగురు ఎక్కుతారు, వెనక సామాను, పైన ఇంకో పెట్టె. టెక్సాస్ ఎండలో గంటకి 70 మైళ్ళు. గాలి తక్కువ ఉన్న టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది. ఒక ఇనప తీగని అటూ ఇటూ వంచి చూడండి, వంచినచోట వేడెక్కుతుంది. టైరూ అంతే. ఆ వేడి ఉక్కు పట్టీల అంచుల దగ్గర చేరుతుంది. అతుకు ముందే బలహీనంగా ఉంటే రెండు పట్టీల మధ్య చీలిక మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. రాడ్డుతో కొడితే టంగుమనే అంటుంది.

1998లో స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీలో పనిచేసే శామ్ బాయిడెన్ ఒక విషయం గమనించాడు. ఒకే రకం టైరు, ఒకే రకం ప్రమాదం, 21 క్లెయిములు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థకి ఈమెయిల్ పెట్టాడు. ఎవరూ కదల్లేదు. 1999లో ఫోర్డ్ సౌదీ అరేబియాలోనూ పక్కనున్న గల్ఫ్ దేశాల్లోనూ ఈ టైర్లని మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికాలో ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పలేదు. అప్పటి చట్టం చెప్పమని అడగలేదు కూడా.

2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని కేహెచ్‌ఓయూ అనే లోకల్ టీవీ ఛానల్ ఈ ప్రమాదాలన్నీ కలిపి ఒక కథనం వేసింది. అప్పుడు కదిలింది కొండ. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ రీకాల్ ప్రకటించింది. రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నవి 65 లక్షల టైర్లని అంచనా. మార్చడం ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా, కాలిఫోర్నియా. నాలుగూ ఎండ రాష్ట్రాలే.

ఆ తర్వాత రెండు కంపెనీలూ ఒకరి మీద ఒకరు వేలెత్తి చూపించుకున్నాయి. టైరుదే తప్పని ఫోర్డ్, బండిదే తప్పని ఫైర్‌స్టోన్. 26 తక్కువ, 30 పెట్టించుకోండి అని ఫైర్‌స్టోన్ జనానికి చెప్పింది. 2001 మేలో దాదాపు వందేళ్ళ బంధాన్ని ఫైర్‌స్టోన్ తెంచేసుకుంది. అదే నెలలో ఫోర్డ్ ఇంకో కోటీ 30 లక్షల టైర్లు మారుస్తానని ప్రకటించింది. ప్రభుత్వ విచారణ టైరులో లోపం ఉందని తేల్చింది. ఎక్స్‌ప్లోరర్ మీద విచారణ చెయ్యమని ఫైర్‌స్టోన్ అడిగితే 2002లో కాదంది.

అమెరికాలో లెక్క తేలింది 271 మరణాలు. 800కి పైగా క్షతగాత్రులు.

లోపం టైరులో ఉంది, ఒప్పుకుందాం. కానీ నాకనిపించేది ఇది. ఆ స్టిక్కర్ మీద 26 అని రాసినప్పుడు, పొరపాట్లని తట్టుకోవడానికి ఉండాల్సిన ఆ కాస్త వెసులుబాటుని కూడా తీసేశారు. మా నాన్న చేసిందీ అదే. ఆయనకి ఇంజనీర్లు లేరు, పరీక్షా ట్రాక్ లేదు, అంతే తేడా.

ఈ గొడవ వల్లే 2000 నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది. విదేశాల్లో టైర్లు వెనక్కి తీసుకున్నా ఇక చెప్పి తీరాలి. కార్లలో, పికప్‌లలో గాలి తగ్గితే చెప్పే దీపం తప్పనిసరి. 2007 సెప్టెంబరు నుంచి తయారైన ప్రతి బండికీ ఇది ఉండాలి. మీ కారు డ్యాష్‌బోర్డు మీద ఆశ్చర్యార్థకం గుర్తుతో పసుపు దీపం వెలుగుతుందే, దాన్ని అక్కడికి తెచ్చింది ఈ ప్రమాదాలే.

మళ్ళీ బావ ట్రక్కు దగ్గరికి

బుధవారం మళ్ళీ కాల్ చేశాను. ఈసారి స్టిక్కర్ చూసి చెప్పాడు. సైజు 265/70, 17 అంగుళాల రిమ్ము. గాలి 35.

ఈ సైజు చదవడం నేర్చుకోండి, ఏ బండికైనా పనికొస్తుంది. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్క గోడ ఎత్తు, ఆ వెడల్పులో 70 శాతం. లెక్కేస్తే మొత్తం ఎత్తు దాదాపు 803 మిల్లీమీటర్లు. రెండో రకం, 285/70 వేస్తే 831. మూడోది, 35 అంగుళాలది అయితే 889.

బావకి ముందు ఎత్తు గురించి చెప్పాను. 803 నుంచి 831, అంటే 28 మిల్లీమీటర్లు పెరిగింది. కానీ ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి బండి లేచేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు. మీ చూపుడు వేలంత లావు. దానికోసమేనా ఇదంతా అంటే నవ్వాడు.

స్పీడోమీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. 285 వేసి 80 మైళ్ళు చూపిస్తుంటే నిజంగా వెళ్ళేది దాదాపు 83. 35 అంగుళాలదైతే దాదాపు 89. పశ్చిమ టెక్సాస్ హైవేల్లో లిమిటే 80. పైగా బరువు. ఇలాంటి దళసరి టైరు ఒక్కోటీ పాతదానికంటే ఏడెనిమిది కిలోలు ఎక్కువ ఉండటం మామూలే. తిప్పడానికి ఇంజను, ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. 35 అంగుళాలది చక్రం తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది, బండి ఎత్తు పెంచాలి, స్టెప్నీ కింద ఉన్న చోట పట్టదు. స్టెప్నీ చిన్నదైతే నాలుగు చక్రాలూ తిప్పే బండిలో గేర్లకి దెబ్బ. మూడో రకం అక్కడితో పోయింది.

ఇక మిగిలింది అసలు మెలిక. షాపువాళ్ళు చూపించిన 285 టైరు ముందు ఎల్‌టీ అని ఉంది. లైట్ ట్రక్ అని. లోడ్ రేంజ్ ఈ. లోడ్ నంబరు 121, అంటే ఒక్కో టైరు 1450 కిలోలు మోస్తుంది. "చూశావా, పాత టైరు కంటే ఎంత బలమో" అన్నాడు బావ.

"ఆ 1450 కిలోలు ఎంత గాలి దగ్గరో చదువు" అన్నాను.

టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. 80 పాయింట్ల దగ్గర.

అర్థమైందా? ఆ బలం గాలిది. అదే టైరులో 35 కొట్టిస్తే మోసేది దానికంటే చాలా తక్కువ. మామూలు కారు తరహా టైరు 35 దగ్గర మోసే బరువు మొయ్యడానికి ఎల్‌టీ టైరుకి ఎక్కువ గాలి కావాలి. ఎంత అనేది టైరు కంపెనీల పట్టికలో ఉంటుంది, ఏ మంచి షాపైనా చూపిస్తుంది. బావ అడిగి చూపించుకున్నాడు. ఆయన ట్రక్కుకి 40 పైచిలుకు వచ్చింది.

ఇప్పుడు ఇది వినండి. టైరు మారింది, కావాల్సిన గాలి మారింది. తలుపు స్టిక్కర్ మారలేదు. పసుపు దీపం కూడా మారలేదు. అది ఫ్యాక్టరీ అంకె నుంచే లెక్కేస్తుంది. గాలి ఆ అంకె కంటే 25 శాతం తగ్గితే వెలగాలని రూలు. 35లో 25 శాతం తీసేస్తే ఎంత?

26.

40కి పైగా కావాల్సిన టైరు 26కి దిగేదాకా ఆ దీపం మాట్లాడకపోవచ్చు. ఏ అంకె వల్ల ఆ దీపం పుట్టిందో, మనం టైరు మార్చి మళ్ళీ అదే అంకె దగ్గరికి వెళ్ళి నిలబడతాం. ఇది చెప్పగానే బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను టేబుల్ మీద పెట్టి ఎడమ మోచెయ్యి నిమురుకున్నాడు.

మనకేంటి?

మనకి పికప్ అంటే ఇన్నాళ్ళూ కూరగాయల బండి, నీళ్ళ డబ్బాల బండి. ఇప్పుడు మారుతోంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. రీల్స్ చూసి పెద్ద టైర్లు వేయించుకునే కుర్రాళ్ళు హైదరాబాద్‌లో, విజయవాడలో కనిపిస్తున్నారు. వద్దని నేను అనను. అడవి దారుల్లో తిరిగేవాళ్ళకి ఆల్ టెరైన్ టైరు నిజంగా పనికొస్తుంది. కొనేముందు ఇవి మాత్రం చూసుకోండి.

లోడ్ నంబరు పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. అది ఏ గాలి దగ్గరో చదవాలి. మీ బండి బరువుకి కొత్త టైరులో ఎంత గాలి కావాలో పట్టిక చూపించమని షాపులో అడగాలి. ఆ అంకెని ఒక కాగితం మీద రాసి తలుపు స్టిక్కర్ పక్కన అతికించాలి. డాట్ అనే అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. కొత్తదే అని అమ్మే పాత టైరు అక్కడ దొరికిపోతుంది. ఐదో టైరు కూడా అదే సైజు తీసుకోవాలి. ఇసకలో గాలి తగ్గించేవాళ్ళు, తిరిగి కొట్టే చిన్న కంప్రెసర్ వెంట లేకుండా తగ్గించకూడదు. డక్ బండి డ్రైవరుకి అది సీటు పక్కనే ఉండేది, మనకి ఉండదు. మన రోడ్ల మీద ఇంకో సంగతి. కంపెనీ చెప్పిన సైజు కాకుండా వేస్తే వారంటీ, ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. ముందే రాతపూర్వకంగా అడగండి.

బావ ఏం కొన్నాడంటారా? పాత సైజే, 265. ఆల్ టెరైన్‌వి, పాత లోడ్ నంబరుకి సరిపోయేవి, ఎల్‌టీ కానివి. స్టిక్కర్ చెప్పిన 35 దానికి సరిపోతుంది, దీపం కూడా సరిగ్గా పనిచేస్తుంది. "చూడటానికి అంత గంభీరంగా లేవురా" అని కొంచెం దిగులుపడ్డాడు. వదిన మాత్రం సంతోషించింది, మిగిలిన డబ్బులతో టెంటు కొనిందట.

నిన్న రాత్రి ఒక ఫోటో పెట్టాడు. కొత్త టైరు పక్కన కూర్చుని, గాలి చూస్తున్న ఫోటో. చేతిలో పెన్ను లాంటి గేజ్, మా నాన్న జేబులో ఉండేలాంటిదే. ఆన్‌లైన్‌లో ఎనిమిది డాలర్లట.

మీ ఇంట్లో బండి ఉంటే, అది స్కూటీ అయినా సరే, ఈ వీడియో అయ్యాక వెళ్ళి స్టిక్కర్ చూడండి. ఎంత రాసి ఉందో, మీ టైరులో ఎంత ఉందో, రెండు అంకెలూ కామెంట్లో పెట్టండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.